ఇచ్చిందెవరు, పుచ్చుకున్నదెవరు?



ఈ ఉపన్యాసం ఎవరి పేరిట జరుగుతోందో ఆ మాస్టారి పేరు మీ చేతిలోని ఆహ్వానపత్రం మీద ఉంది. మేం మాత్రం ఆయన్ని ఆ పేరుతో ఎప్పుడూ అనుకోలేదు. మాకు ఆయన ఉప్పు మాస్టారు. రసాయన బంధం పాఠం మొదలయ్యే రోజున చొక్కా జేబులోంచి కల్లుప్పు పొట్లం తీసేవారు. తేటగా ఉన్న గడ్డ ఒకటి ఏరి బల్ల మీద పెట్టి, పాత బ్లేడును దాని అంచు వెంబడి నిలబెట్టి, డస్టరు చెక్కతో ఒక్కటి తట్టేవారు. గడ్డ టప్పున రెండయ్యేది. తెగిన ముఖం అద్దంలా మెరిసేది. పక్కకు తిప్పి మళ్ళీ తట్టితే ఇంకో ముఖం, మొదటిదానికి నిట్టనిలువుగా. బ్లేడును ఏటవాలుగా పెట్టి కొడితే మాత్రం పొడి రాలేది. ముందు బెంచీలో కూర్చున్నవాడి అరచేతిలో ఆ ముక్క పెట్టి, "ఏరా, దీని లోపల చుక్కలు పెట్టిందెవర్రా?" అని అడిగేవారు. ఈలోగా గంట కొట్టేవాళ్ళు. జవాబు మర్నాటికి వాయిదా.

ఆ ప్రశ్నకు నాకు తెలిసినంత జవాబు ఇవాళ చెబుతాను. అందులో సగం, నేను ముప్ఫై ఏళ్ళు పిల్లలకు చెప్పిన కథను దిద్దుకోవడమే.

కథ మీకందరికీ వచ్చు. సోడియం చివరి కక్ష్యలో ఒక్క ఎలక్ట్రాను ఉంది. క్లోరిన్ చివరి కక్ష్యలో ఏడున్నాయి. ఎనిమిదైతే జడవాయువులాగా నిశ్చింత. సోడియం తన దగ్గరున్న ఒక్కటీ ఇచ్చేసింది, క్లోరిన్ పుచ్చుకుంది. ఇద్దరికీ ఎనిమిది కుదిరాయి. దానం చేసింది ధనావేశం పొందింది, పట్టినది ఋణావేశం పొందింది, రెండూ అతుక్కున్నాయి. అదే అయానిక బంధం. నేనైతే దీన్ని కన్యాదానంతో పోల్చేవాణ్ణి. తరగతి నవ్వేది, పాఠం గుర్తుండేది, మార్కులొచ్చేవి. ఒక ఉపాధ్యాయుడికి ఇంతకంటే ఏం కావాలి!

ఒక వేసవిలో స్పాట్ వాల్యుయేషన్‌లో ఒక పేపరు నా చేతికొచ్చింది. అయానిక బంధం ఎలా ఏర్పడుతుందో రాయమన్న ప్రశ్న. అబ్బాయో అమ్మాయో తెలియదు, బొమ్మ చక్కగా వేసి, అడుగున ఒక వాక్యం కలిపారు. సోడియం తనంతట తాను ఎలక్ట్రానును ఇవ్వదు, దాని దగ్గర్నుంచి తియ్యాలంటే మనం శక్తి పెట్టాలి అని. కీలో ఆ మాట లేదు. ఎలక్ట్రానును కోల్పోయి సోడియం స్థిరత్వం పొందుతుంది అని ఉంది. ఒక మార్కు కోశాను. టీ వచ్చింది. తాగి ఇంకో పేపరు తీశాను. ఆ రాత్రి లాడ్జిలో ఫ్యాను తిరక్క నిద్ర పట్టలేదు. పడుకుని లెక్క వేసుకున్నాను. లెక్క ఆ పేపరు పక్షానే తేలింది. అప్పటికి కట్టలు సీలు వేసేశారు.

ఆ లెక్క ఇదీ. ఒక మోల్ ఉప్పు తీసుకోండి, యాభై ఎనిమిదిన్నర గ్రాములు, ఓ చారెడు. దీన్ని సోడియం లోహం నుంచి, క్లోరిన్ వాయువు నుంచి చెయ్యాలనుకుందాం. ముందు లోహంలోంచి సోడియం పరమాణువులను విడిగా లేపాలి, ఖర్చు 107 కిలోజౌళ్ళు. క్లోరిన్ జంటలను విడగొట్టాలి, మన వంతుకు 122. ఇప్పుడు అసలు ఖర్చు: సోడియం నుంచి ఎలక్ట్రానును లాగడానికి 496. మొత్తం 725. ఇక క్లోరిన్ ఆ ఎలక్ట్రానును పుచ్చుకున్నప్పుడు మనకు తిరిగొచ్చేది 349 మాత్రమే. అంటే దానం పూర్తయి, ఇద్దరి కక్ష్యల్లోనూ ఎనిమిదేసి కుదిరి, పుస్తకం ప్రకారం ఇద్దరూ నిశ్చింతగా ఉండాల్సిన ఘడియలో 376 కిలోజౌళ్ళు అప్పుంది. ఎనిమిది కుదరడమే సుఖమైతే ఈ అప్పేమిటి?

అప్పు తీరేది ఆ తర్వాత. ధనావేశం ఉన్న సోడియం అయాన్లూ, ఋణావేశం ఉన్న క్లోరైడు అయాన్లూ ఒకదాని పక్కన ఒకటి చేరి, స్ఫటికంగా పేర్చుకున్నప్పుడు 787 కిలోజౌళ్ళు విడుదలవుతాయి. దాన్ని జాలక శక్తి అంటాం. అప్పుపోను మిగిలింది 411. చారెడు ఉప్పు పుట్టినప్పుడు వెలువడే వేడి అది. 1919లో మాక్స్ బోర్న్, ఫ్రిట్జ్ హేబర్ ఈ జమాఖర్చును పద్ధతి ప్రకారం రాశారు కనుక వాళ్ళిద్దరి పేరు మీద చలామణీ అవుతోంది. ఇంటర్లో మనం దాన్ని ఒక దీర్ఘ చతురస్రంగా గీసి బట్టీ పడతాం. గీసిన తర్వాత దాన్ని ఒక్కసారి చదివితే చాలు, కన్యాదానం కథ నిలవదు. ఉప్పును కట్టి ఉంచింది దానం కాదు. ఎదురెదురు ఆవేశాల మధ్య ఉండే లాగుడు. దానం ఆ లాగుడికి కట్టిన ముందస్తు పెట్టుబడి.

ఇక్కడితో ఆగితే కథలో ఒక్క అధ్యాయమే మారినట్టు. నన్ను ఇంకా కలవరపెట్టిన సంగతి వేరే ఉంది.

మా ఊరికి నౌపడా ఉప్పు మళ్ళు దగ్గర. చిన్నప్పుడు సైకిలు మీద వెళ్ళి చూసేవాళ్ళం. సముద్రపు నీళ్ళలో కిలోకు 35 గ్రాముల లవణాలుంటాయి. నీళ్ళను ఒక మడిలోంచి ఇంకో మడిలోకి మళ్ళిస్తూ ఎండకు చిక్కబరుస్తారు. ముందు జిప్సం దిగుతుంది. చిక్కదనం కొలిచే బామే మీటరు పాతిక చూపిస్తే ఉప్పు పూస కట్టడం మొదలు. ముప్ఫై దాకా పోనివ్వకుండా మిగిలిన చేదు నీళ్ళు వదిలేస్తారు, ఎందుకంటే మెగ్నీషియం లవణాలు అందులో పోగుపడతాయి. వాటిని సరిగ్గా వదలని ఉప్పే వానాకాలం జాడీలో చెమ్మగిల్లి అమ్మల చేత తిట్లు తినేది.

ఆ మళ్ళ గట్టు మీద నిలబడి అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఈ ఉప్పులో ఏ సోడియం ఏ క్లోరిన్‌కు ఎలక్ట్రాను ఇచ్చింది? జవాబు, ఎవరూ ఎవరికీ ఇవ్వలేదు. ఈ సోడియం కొండరాళ్ళు అరిగి, నదుల్లో కొట్టుకొచ్చి సముద్రంలో చేరింది. రాతిలో ఉన్నప్పుడే అది అయాను. క్లోరిన్‌లో ఎక్కువ పాలు భూమి తొలినాళ్ళలో అగ్నిపర్వతాలు కక్కిన హైడ్రోజన్ క్లోరైడుగా వచ్చి నీళ్ళలో కలిసింది. ఇద్దరూ వేర్వేరు ఊళ్ళ నుంచి వచ్చి సంతలో పక్కపక్కన కూర్చున్నవాళ్ళు. సోడియం లోహం 1807లో హంఫ్రీ డేవీ లండనులో కాస్టిక్ సోడాలోకి విద్యుత్తు పంపి వేరు చేసేదాకా మనిషి కంటపడలేదు. అంతకు ముందు వేల ఏళ్ళు మనం ఉప్పు తింటూనే ఉన్నాం. అంటే లోహం నుంచి వాయువుకు ఎలక్ట్రాను చేతులు మారిన సంఘటన మన వంటింటి ఉప్పు చరిత్రలో లేదు. బల్ల మీద చేసి చూపించే ప్రయోగం అది, నిజమే. సోడియం ముక్క క్లోరిన్ జాడీలో పసుపుపచ్చగా మండి తెల్లటి పొగ వస్తుంది. ఆ ప్రయోగాన్నే బంధానికి నిర్వచనంగా చేసి పిల్లలకు అంటగట్టాం.

దీనికి ఉపాధ్యాయులు ఒప్పుకోరని నాకు తెలుసు. బంధం ఎలా ఏర్పడిందో చెప్పాలి కదా అంటారు. ఎలా ఏర్పడిందన్నది ఒక ప్రశ్న, ఏది పట్టి ఉంచుతోందన్నది వేరే ప్రశ్న. ఇల్లు ఎవరు కట్టారో చెబితే దూలం ఎందుకు పడిపోవడం లేదో చెప్పినట్టు అవుతుందా?

ఇక మాస్టారి చుక్కల సంగతి. 1913లో ఇంగ్లండులో విలియం హెన్రీ బ్రాగ్, ఆయన కొడుకు లారెన్స్ బ్రాగ్ స్ఫటికాల మీదికి ఎక్స్ కిరణాలు పంపి, చెదిరివచ్చిన తీరును బట్టి లోపలి అమరికను లెక్కగట్టారు. లారెన్స్‌కు అప్పటికి ఇరవై మూడేళ్ళు. ఉప్పు లోపల వాళ్ళకు కనిపించింది చుక్కల ముగ్గే, కాకపోతే వాకిట్లో పరిచినది కాక అంతస్తులుగా లేచినది. ఒక చుక్క సోడియం, పక్క చుక్క క్లోరిన్, మళ్ళీ సోడియం. ప్రతి సోడియానికీ కుడి, ఎడమ, ముందు, వెనక, పైన, కింద ఆరు క్లోరిన్లు. ప్రతి క్లోరిన్‌కూ ఆరు సోడియాలు. ఈ ఆరింట్లో నాది అని ఏ క్లోరిన్ ఏ సోడియాన్నీ అనదు. NaCl అనే జంట, అంటే అణువు, ఆ ముగ్గులో ఎక్కడా లేదు. ఉప్పును బాగా మరిగించి ఆవిరి చేస్తే జంటలు దొరుకుతాయి, అది వేరే సంగతి. మన పొట్లంలో ఉన్నది ఒకటే పెద్ద ముగ్గు.

గడ్డ ఎందుకు చదరంగా పగులుతుందో ఇప్పుడు చెప్పొచ్చు. బ్లేడుతో తట్టినప్పుడు ఒక వరుస రవ్వంత పక్కకు జరుగుతుంది. చుక్క దూరం జరిగితే సోడియం ఎదుట సోడియం, క్లోరిన్ ఎదుట క్లోరిన్ వస్తాయి. అంతవరకూ లాక్కున్నవి తోసుకుంటాయి. ఆ వరుస పొడుగునా గడ్డ విడిపోతుంది. అదే లోహాన్ని కొడితే సాగుతుంది, పగలదు. లోహాల ఊసు ఇవాళ ఎత్తను, అదో ఉపన్యాసం.

అణువు లేదన్న మాట అందరికీ మింగుడుపడలేదు. హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే పెద్ద రసాయన శాస్త్రవేత్త, అప్పటికి ఎనభై దగ్గర పడినవాడు, 1927లో నేచర్ పత్రికకు ఉత్తరం రాసి ఉప్పు పాపం ఏం చేసిందని బ్రాగ్‌లు దాన్ని చదరంగం బల్ల చేశారని వెక్కిరించాడు. నవ్వకండి. ఆయన తప్పే, కానీ ఆయన బాధ మనకూ ఉంది. ఇవాళ్టికీ మన ప్రశ్నపత్రాల్లో ఉప్పు అణుభారం కనుక్కోమంటాం.

ఇప్పుడు రెండో రకం బంధానికి వస్తాను. దీని పేరు మీద కొంత తగవుంది. సంయోజనీయం అని కొందరు, సమయోజనీయం అని కొందరు. తరగతిలో అందరూ కోవలెంట్ అనే అంటారు. ఆ కోవలెన్స్ అన్న మాటను 1919లో అమెరికాలో ఇర్వింగ్ లాంగ్మ్యూర్ వాడుకలోకి తెచ్చాడు. ఆలోచన మాత్రం గిల్బర్ట్ న్యూటన్ లూయీది. లూయీ 1902లో పిల్లలకు పాఠం చెప్పడానికి పరమాణువును ఒక ఘనంగా, దాని ఎనిమిది మూలల్లో ఎలక్ట్రాన్లుగా కాగితం మీద గీసుకున్నాడు. పద్నాలుగేళ్ళు ఆ కాగితాలు దగ్గరే పెట్టుకుని 1916లో బర్క్‌లీ నుంచి ప్రచురించాడు. అదే ఏడాది జర్మనీలో వాల్తర్ కోసెల్ అయాన్ల వైపు నుంచి ఇదే ఆలోచనకు వచ్చాడు. ఘనాల బొమ్మ ఎక్కువ కాలం బతకలేదు. రెండు ఘనాలకు ఒక అంచు ఉమ్మడి అయితే ఒంటి బంధం, ఒక ముఖం ఉమ్మడి అయితే జంట బంధం, బాగానే ఉంది. నైట్రోజన్‌లోని మూడు బంధాలకు ఘనంలో చోటు లేదు. మిగిలింది జంట ఎలక్ట్రాన్ల ఊహ, రెండు చుక్కల గుర్తు. మన నోటుపుస్తకాల నిండా ఉన్నది ఆ చుక్కలే. దీనికి లూయీకి నోబెల్ రాలేదు. లాంగ్మ్యూర్‌కు 1932లో వచ్చింది, వేరే పనికి. లూయీ 1946లో తన ప్రయోగశాలలోనే చనిపోయాడు.

రెండు హైడ్రోజన్ పరమాణువుల దగ్గర చూద్దాం. ఒక్కొక్కదానికి ఒక కేంద్రకం, ఒక ఎలక్ట్రాను. దూరంగా ఉంటే ఒకదాని గొడవ ఇంకోదానికి పట్టదు. దగ్గరకొస్తే ఈ ఎలక్ట్రానును ఆ కేంద్రకమూ లాగుతుంది, ఆ ఎలక్ట్రానును ఈ కేంద్రకమూ లాగుతుంది. రెండు ఎలక్ట్రాన్లూ నడుమ ఎక్కువగా మసలుతూ, రెండు కేంద్రకాలనూ తమవైపు పట్టి ఉంచుతాయి. మరీ దగ్గరయితే కేంద్రకాలు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. తగవు తీరే దూరం 74 పికోమీటర్లు, మీటరును లక్ష కోట్ల ముక్కలు చేస్తే అందులో 74 ముక్కలు. ఆ పట్టు విడదియ్యాలంటే మోల్‌కు 436 కిలోజౌళ్ళు పెట్టాలి. 1927లో హైట్లర్, లండన్ అనే ఇద్దరు కుర్రవాళ్ళు క్వాంటం లెక్కతో ఈ బంధాన్ని మొదటిసారి రాబట్టారు. జంటలోని ఎలక్ట్రాన్ల స్పిన్ ఎదురెదురుగా ఉండాలన్న షరతు ఎక్కడ నుంచి వస్తుందో అప్పుడు తెలిసింది.

పంచుకోవడం అనే మాట ఇక్కడ కూడా దారి తప్పిస్తుంది. పంచుకున్నది ఎవరి వాటా వాళ్ళు ఇంటికి పట్టుకెళ్ళేది కదా! ఇది పల్లెటూళ్ళో రెండిళ్ళ మధ్య ఉమ్మడి గోడ లాంటిది. రెండిళ్ళ దూలాలూ దాని మీదే ఆనతాయి. గోడ తీస్తే రెండూ కూలతాయి. ఎనిమిది కుదరాలన్న నియమం కూడా ఈ గోడల లెక్కకు ఓ మోస్తరు గుర్తు, అంతే. బోరాన్ ట్రైఫ్లోరైడులో బోరాన్ చుట్టూ ఆరే ఉన్నాయి. నైట్రిక్ ఆక్సైడులో మొత్తం బేసి సంఖ్య, ఎనిమిది ఎక్కడ నుంచి తెస్తారు? ఎనిమిదితో నిండుగా ఉన్న జెనాన్ చేత 1962లో నీల్ బార్ట్‌లెట్ సమ్మేళనం కట్టించాడు. జడవాయువు అన్న పేరుకు ఆ రోజుతో అర్థం పోయింది, పేరు మిగిలింది.

పిల్లల నోట్సుల్లో మరో మాట ఉంటుంది. అయానిక పదార్థాలు గట్టివి, ఎక్కువ వేడికి గాని కరగవు. కోవలెంట్ పదార్థాలు మెత్తనివి, త్వరగా కరుగుతాయి. వేమన ఉప్పును, కర్పూరాన్ని పక్కపక్కన పెట్టిన సంగతి మీకు చెప్పక్కర్లేదు. చూపుకు ఒక్కటే. ఉప్పు 801 డిగ్రీలకు గాని కరగదు. కర్పూరం డబ్బా మూత తీసి పెడితే చాలు, వారానికి బిళ్ళ సన్నబడుతుంది. ఇది చూసి కోవలెంట్ బంధం బలహీనం అనుకుంటాం. కర్పూరం గాలిలో కలిసినప్పుడు దాని అణువులోని బంధం ఒక్కటీ తెగలేదు. అందుకే వాసన కర్పూరానిదే. అణువుకూ అణువుకూ మధ్య ఉన్న పట్టు పలచన, అణువు లోపలి పట్టు గట్టి. గట్టితనం చూడాలంటే కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిన గోల్కొండ వజ్రాలను చూడండి. వజ్రమంతా కార్బన్, ఒక్కో కార్బన్‌కు నాలుగేసి కోవలెంట్ బంధాలు, ఈ చివర నుంచి ఆ చివరకు. వజ్రంలోనూ ఉప్పులో లాగే విడి అణువు లేదు. మెత్తదనం, గట్టిదనం బంధం పేరును బట్టి రావు, ముగ్గు వెయ్యడం ఎక్కడ ఆగిందన్నదాన్ని బట్టి వస్తాయి.

రెండు రకాలని ఇంతసేపూ అన్నాను. ఆ గీత కూడా చెరపాలి. లైనస్ పౌలింగ్ 1932లో మూలకాలకు అంకెలు ఇవ్వడం మొదలుపెట్టాడు, బంధంలోని ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కునే శక్తికి గుర్తుగా. ఋణవిద్యుదాత్మకత అని మన పుస్తకాలు పిలిచేది దాన్నే. ఇవాళ్టి పట్టికలో సోడియం 0.93, హైడ్రోజన్ 2.20, క్లోరిన్ 3.16. హైడ్రోజన్, హైడ్రోజన్ మధ్య తేడా సున్నా, గోడ సరిగ్గా నడుమ. హైడ్రోజన్, క్లోరిన్ మధ్య తేడా 0.96, గోడ క్లోరిన్ పెరట్లోకి జరిగింది. కొలిచి చూస్తే, ఎలక్ట్రాను పూర్తిగా అటు వెళ్ళిపోతే ఉండాల్సిన ద్విధ్రువత్వంలో ఆరో వంతు దాకా కనిపిస్తుంది. సోడియం, క్లోరిన్ మధ్య 2.23, గోడ దాదాపు అవతలి ఇంట్లోకే వెళ్ళిపోయింది. దీన్నే మనం దానం అని పిలిచాం. లూయీ 1916లోనే ఈ జరుగుడును ఊహించాడు. పౌలింగ్ 1939లో రసాయన బంధం మీద తన పుస్తకాన్ని ఆయనకే అంకితమిచ్చాడు.

ఈ జరుగుడు మనసులో పెట్టుకోకపోతే అల్యూమినియం క్లోరైడు దగ్గర బోర్లా పడతాం. లోహం, అలోహం కలిశాయి కాబట్టి అయానికం అని పిల్లలు టక్కున రాస్తారు. అది 180 డిగ్రీల దగ్గరే ఆవిరై పోతుంది, ఆవిరిలో రెండేసి కలిసిన అణువులుగా ఉంటుంది. తమలపాకుకు రాసే సున్నం ఇంకో తమాషా. కాల్షియానికీ హైడ్రాక్సైడుకూ మధ్య అయానిక బంధం, హైడ్రాక్సైడులో ఆక్సిజన్‌కూ హైడ్రోజన్‌కూ మధ్య కోవలెంట్ బంధం. ఒక్క చిటికెడులో రెండూ.

చివరగా మళ్ళీ మాస్టారి తరగతికే వస్తాను. ఇంటర్ రెండో ఏడు మాస్టారు మా చేత గ్లాసెడు నీళ్ళలో ఉప్పు కరిగించి పింగాణీ పళ్ళెంలో కిటికీ దగ్గర ఎండబెట్టించారు. మూడో రోజుకు అడుగున చిన్న చిన్న చదరాలు కట్టాయి. నా పక్కన కూర్చునేవాడు, తర్వాత చదువు మాని ఉప్పు మళ్ళ పనికి వెళ్ళినవాడు, లేచి అడిగాడు. "మాస్టారూ, కరక్కముందు ఏ సోడియం పక్కన ఏ క్లోరిన్ ఉండేదో, ఇప్పుడూ అదే ఉంటదాండీ?" తరగతి గొల్లుమంది. మాస్టారు నవ్వలేదు. పళ్ళెం తీసుకుని వెలుగులో అటూ ఇటూ తిప్పి చూశారు.

"నీకెందుకొచ్చిందిరా ఈ అనుమానం?"

"అదే ఉంటే, మరి కరిగినట్టు కాదు గదండీ" అన్నాడు వాడు.

మాస్టారు పళ్ళెంలోని పూసలన్నీ బ్లేడుతో గీకి, కాగితంలో పొట్లం కట్టి వాడి చేతిలో పెట్టారు.